మూడు వారాలకి తీసుకున్న వెల్డర్

కరోనా తగ్గి, గేటు దగ్గర మాస్కు అడగడం మానేసిన సంవత్సరం జూన్ నెల మొదటి సోమవారం నేను సూరత్‌లో బాధ్యతలు తీసుకున్నాను. ముప్పై మూడేళ్లు విశాఖ దగ్గరి యూనిట్లో పనిచేశాక, రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుందనగా వచ్చిన బదిలీ అది. హజీరాలో సముద్రం వైపు వరసగా ఉన్న కర్మాగారాల్లో మాది ఒకటి. పేరెందుకులెండి. నా హోదా డిప్యూటీ జనరల్ మేనేజర్, బాయిలర్ మెయింటెనెన్స్. నా కింద నలభై ఒక్క మంది.

బాయిలర్ అంటే నీళ్లు కాచే పెద్ద పొయ్యి అని మా అత్తగారు అనుకునేవారు. నేనూ కాదనలేదు, ఎందుకంటే అది నిజమే. అయితే అక్కడ తయారైన ఆవిరిని ఇంకోసారి వేడి చేయడానికి సూపర్‌హీటర్ అని ఒక భాగం ఉంటుంది. అందులో గొట్టాలు పక్కపక్కనే, మధ్యలో రెండు వేళ్లు మాత్రమే పట్టేంత సందుతో నిలబడి ఉంటాయి. నేను రావడానికి ముందు ఏడాది ఆ గొట్టాలకు రెండుసార్లు చిల్లు పడి, రెండుసార్లూ కర్మాగారం మొత్తం ఆగింది. నేను కుర్చీలో కూర్చున్న వారానికే ప్లాంట్ హెడ్ పిలిచి, నన్ను నిలబెట్టే చెప్పాడు. జనవరిలో ఇరవై ఎనిమిది రోజుల షట్‌డౌన్ మొదలవుతుంది. ఆ తర్వాత బాయిలర్ మళ్లీ లీకైనా, అనుకున్న రోజుకు వెలగకపోయినా నా విభాగాన్ని ఎత్తేసి పనంతా కాంట్రాక్టుకు ఇస్తానన్నాడు. నలభై ఒక్క మందినీ తలో దిక్కుకూ సర్దేస్తారట. వచ్చిన కొత్తలోనే నా నెత్తిన పడిన బండ ఇది.

అసలు కథకు ముందు మా దగ్గరున్న ఒక ఆచారం చెప్పాలి. ఏటా ఫిబ్రవరిలో మా శిక్షణ కేంద్రం నుంచి ఐటీఐ చదివిన కుర్రవాళ్ల బ్యాచ్ ఒకటి బయటికొస్తుంది. మార్కుల ప్రకారం పేర్లు గోడకు అంటిస్తారు. ఐదు మెయింటెనెన్స్ విభాగాల అధిపతులూ ఆ గోడ ముందు నిలబడి వంతులవారీగా మనుషుల్ని ఎంచుకుంటారు. ఎవరి విభాగం ఎక్కువ దెబ్బతిన్నదో, ఆ తర్వాత మూడేళ్లూ మొదటి వంతు వాళ్లదే. బలహీనుడు ముందు తింటే బలపడతాడని ఎవరో పెద్దమనిషి పెట్టిన నియమం. ఈ వంతును అక్కడ గుజరాతీ మాటతో 'వారో' అంటారు. ఒకటైతే వారో, ఒకటికి మించితే వారా. విభాగాల అధిపతులు ఈ వంతుల్ని ఇచ్చిపుచ్చుకునేవారు కూడా. నీ మొదటి వారో నాకియ్యి, నా ఫిట్టర్‌ని తీసుకుపో అని బేరాలు నడిచేవి. హెచ్ఆర్ వాళ్లు చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

నాకు ఈ మాట తెగ నచ్చింది. వచ్చిన ఆర్నెల్లలో నేను గట్టిగా నేర్చుకున్న గుజరాతీ మాటలు ఇరవై ఉంటాయేమో, అందులో ఇదొకటి. ఇంట్లో కూడా 'నా వారో', 'మా వారో' అని వాడేవాణ్ణి. మా ఆవిడ విజయ ఒకరోజు పప్పు వడ్డిస్తూ, "మీ వారో ఎవరో నాకు తెలీదు కానీ, మావారు మాత్రం ఒక్కరే. ఆయనకి ఇంకాస్త పప్పు వెయ్యనా?" అంది. నవ్వేశాను. ఆ మాట తెలుగు చెవికి ఇంకోలా వినిపిస్తుందని ఆ రోజే నా బుర్రకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

సూపర్‌హీటర్‌లో అరిగిపోయిన గొట్టాల్ని కోసి కొత్త ముక్కలు అతకాలి. వెనకనున్న గొట్టం అడ్డొస్తుంది కాబట్టి, అతుకు వెనక భాగం వెల్డర్ కంటికి కనిపించదు. అందుకని గొట్టం వెనక అద్దం నిలిపి, అందులో చూస్తూ అతకాలి. మిర్రర్ వెల్డింగ్ అంటాం. అద్దంలో ఎడమ కుడి అవుతుంది. కన్ను ఒకవైపు లాగుతుంటే చెయ్యి ఇంకోవైపు నడవాలి. మామూలు వెల్డర్లు నూరుమంది దొరుకుతారు. అద్దంలో చూసి అధిక పీడనం తట్టుకునే అతుకు వేసేవాడు దొరకడం గగనం. మా కర్మాగారం మొత్తానికి అలాంటివాళ్లు ఇద్దరే ఉన్నారు. ఇద్దరూ గ్యాస్ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో, ఆ విభాగాధిపతి రమణ్‌భాయ్ చేతికింద ఉన్నారు. వాళ్లలో రెండోవాడు నిదానస్తుడు. మొదటివాడు పోశన్న.

పోశన్నకు యాభై రెండేళ్లు. వాళ్ల నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చి సలాబత్‌పురాలో స్థిరపడ్డాడు. పోశన్న మగ్గం వదిలేసి ఐటీఐలో చేరాడు. ఇప్పుడు కాపురం కోసాడ్‌లో. పొట్టి మనిషి, నెత్తిమీద ఎప్పుడూ కాటన్ టోపీ, మాట తక్కువ. ప్రతి వెల్డర్‌కూ ఒక నంబరుంటుంది. అతుకు వేశాక ఆ నంబరు పక్కన గుద్ది, జాయింట్ రిజిస్టర్‌లో రాస్తారు. తర్వాత అతుకుకు ఎక్స్‌రే తీస్తారు. బాగుంటే నంబరు ఎదురుగా ఓకే, లోపముంటే 'ఆర్', అంటే రిపేరు. పోశన్న నంబరు పదిహేడు. పాత రిజిస్టర్లు తెప్పించుకుని ఒక ఆదివారమంతా తిరగేశాను. అద్దం పనిలో పదిహేడు ఎదురుగా ఒక్క ఆర్ కూడా లేదు. నమ్మబుద్ధి కాక ఇంకోసారి తిరగేశాను.

ఉత్తరాయణ్, అంటే అక్కడి సంక్రాంతి, గాలిపటాల సందడి అయిన మర్నాడు క్యాంటీన్‌లో రమణ్‌భాయ్ పక్కన టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. పోశన్నను నాకు శాశ్వతంగా బదిలీ చెయ్యమన్నాను. ఆయన లోచో అనే సూరత్ టిఫిను తింటూ తాపీగా విన్నాడు. మనిషి మంచివాడే కానీ బేరంలో రాయి. మూడు వేళ్లు చూపించి "త్రణ్ వారా" అన్నాడు. వచ్చే నెల నా మొదటి వంతు, ఆ పై ఏడు, ఆ పై ఏడు. మూడేళ్లపాటు గోడ మీద మొదటి పేరు ఆయనకే వెళ్తుంది. వాళ్లకు బదులు నాకు ఒక్క పోశన్న వస్తాడు.

ఒక్క రాత్రి గడువడిగాను. అడిగానే గాని, అప్పటికే లోపల ఒప్పేసుకున్నాను. కుర్రవాడు అధిక పీడనం వెల్డర్‌గా తయారవ్వాలంటే ఐదేళ్లు పడుతుంది. పదిమందిలో ఒకడు తయారైతే గొప్ప. ఆ కుర్రవాళ్లు చేతికొచ్చేసరికి నేను ఇంట్లో పేపరు చదువుకుంటూ ఉంటాను. నాకున్నది రెండున్నరేళ్లు, మెడమీద కత్తి మాత్రం ఈ నెలే. ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే సిగ్గుగానే ఉంటుంది. నేనిచ్చిన మూడు వంతులూ నావి కావు. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చోబోయేవాడివి. కుర్చీలో కొద్దికాలమే ఉండేవాడికి ఇలాంటి బేరం ఎప్పుడూ చవగ్గానే కనిపిస్తుంది.

అంతర్గత బదిలీకి ఒక ఫారం ఉంటుంది. ఇచ్చే అధిపతి సంతకం, పుచ్చుకునే అధిపతి సంతకం, హెచ్ఆర్ ముద్ర. ఇంతే. వెళ్లే మనిషి సంతకానికి చోటు లేదు. ఉత్తర్వు కాపీ అతనికి తర్వాతెప్పుడో, షట్‌డౌన్ హడావిడి సద్దుమణిగాక ఇస్తారు. అందుకే పోశన్నకు సంగతి నేనే నోటితో చెప్పాను. వర్క్‌షాప్‌లో గ్రైండింగ్ చప్పుడు మధ్య, తెలుగువాడికి తెలుగులో చెబుతున్నానన్న ఉత్సాహంతో ఇలా అన్నాను:

"పోశన్నా, రమణ్‌భాయ్ దగ్గర నిన్ను మూడు వారాలకి తీసుకున్నాను. సోమవారం నుంచి నా దగ్గరే."

నేను చెప్పింది ధర. మూడు వారాలు, అంటే మూడు వంతులు. గుజరాతీ 'వారా'కు తెలుగు 'లు' తగిలించి సూరత్ భాష వచ్చేసిందని మురిసిపోయాను. పోశన్న కాసేపు ఏదో లెక్క వేసుకున్నాడు, వేళ్ల మీద.

"మూడు వారాలకేనా సార్? పక్కానా?"

"పక్కా. అంతకు మించి ఒక్కటి కూడా ఇవ్వనని రమణ్‌భాయ్‌తో ఖరాఖండీగా చెప్పేశాను."

"గట్లయితే సరే సార్. మూడు వారాలైతే చేస్త."

తన ధర విని మనిషి పొంగిపోయాడని నేననుకున్నాను. ఎంత తెలివో నాకు!

ఆ సోమవారమే షట్‌డౌన్ మొదలైంది. బాయిలర్ చల్లారడానికి, లోపల పరంజా కట్టి పాత గొట్టాలు కోయడానికి వారం రోజులు పట్టింది. తర్వాత పోశన్న లోపలికెళ్లాడు. నేను రోజూ ఒకసారి ఆ సందులోకి దూరి చూసేవాణ్ణి. మిగతావాళ్లు గాజు అద్దం వాడి, వేడికి పగిలితే ఇంకోటి అడుగుతారు. పోశన్నది తను స్వయంగా అరగదీసి మెరుగుపెట్టుకున్న స్టీలు పలక. దాన్ని గొట్టం వెనక నిలిపి, తల దాదాపు తలకిందులుగా వంచి, ఊపిరి బిగపట్టి మొదటి వరస అతుకు వేసేవాడు. ఎలా వస్తుందయ్యా నీకిది అని అడిగాను. "అద్దంల కండ్లు జెప్పేది ఇనొద్దు సార్. చెయ్యి జెప్పేది ఇనాలె," అన్నాడు.

మొదట అనుకున్నది ఇరవై అతుకులు. ఎక్స్‌రే తీసేటప్పుడు చుట్టుపక్కల మనిషన్నవాడు ఉండకూడదు కాబట్టి రాత్రి భోజనాల గంటలో తీసేవాళ్లు. ఫిల్ము చదివేది మర్నాడు పొద్దున. ప్రతి పొద్దునా ఫిల్ము గదిలో వెలుతురు పెట్టె ముందు నిలబడేవాణ్ణి. ఓకే, ఓకే, ఓకే. రోజుకు రెండు చొప్పున పోతుంటే నాకు ఆకలి కూడా పెరిగింది. మూడు వంతులేం ఖర్మ, ఆరు ఇచ్చినా నష్టం లేదని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.

రెండో వారం చివర గొట్టాల మందం కొలిచినవాళ్లు పిడుగు లాంటి కబురు తెచ్చారు. ఇంకో ఆరు చోట్ల గొట్టం కాగితంలా అరిగిపోయింది. ముక్కకు రెండు చివర్లు, అంటే ఇంకో పన్నెండు అతుకులు. మొత్తం ముప్పై రెండు. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ ఇరవై ఐదో రోజున వస్తారు. ఆయన ఎదుట గొట్టాల నిండా నీళ్లు నింపి, పనిచేసే ఒత్తిడికి మించిన ఒత్తిడి పెట్టి చూపించాలి. హైడ్రో టెస్ట్ అంటాం. ఆయన తేదీ ఒకసారి దాటిపోతే మళ్లీ ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేం. అయినా లెక్క సరిపోతుందనే అనుకున్నాను. నా చేతిలో పోశన్న ఉన్నాడు కదా.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే పోశన్న నా క్యాబిన్‌కు వచ్చాడు. అప్పటికి ఇరవై మూడు అతుకులు పూర్తయ్యాయి, తొమ్మిది మిగిలాయి. బల్లమీద సెలవు కాగితం పెట్టాడు. రేపటి నుంచి పది రోజులు.

"ఏమిటిది?" అన్నాను.

"ఇయ్యాల్టితోని మూడు వారాలైతున్నయ్ గదా సార్. మీరు మూడు వారాలకే అన్నరు. గందుకనే ఒప్పుకున్న."

నేనలా అనలేదన్నాను. అన్నరన్నాడు. గొంతు పెంచాను. నేను గొంతు పెంచితే పక్క క్యాబిన్‌లో వాళ్లు కూడా లేచి నిలబడతారు. షట్‌డౌన్‌లో సెలవులు లేవని, తొమ్మిది అతుకులు వదిలేసి పోతానంటే మోసమని అరిచాను. పోశన్న కదల్లేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు.

కంట్లో నీటికాసులట. కుడికన్ను. లోపల ఒత్తిడి పెరిగిపోయి పక్కచూపు తగ్గుతోందని డాక్టరు డిసెంబరులోనే చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది నిలవాలంటే ఆపరేషన్ చెయ్యాలి. ఆపరేషన్ తేదీ ఎల్లుండి. రేపు మధ్యాహ్నంలోగా చేరాలి. కూతురు ఆటో కూడా మాట్లాడి పెట్టింది. కంటి సంగతి బయటపడితే అధిక పీడనం సర్టిఫికెట్ పోతుందని నోరు మెదపలేదు. నేను మూడు వారాలకి అనేసరికి వేళ్లమీద లెక్కవేసుకున్నది అదేనట. సరిగ్గా ఆసుపత్రిలో చేరే ముందు రోజుతో తీరిపోతుంది కదా అని.

"ప్రెషర్ పైపుల ఉండాలె గాని సార్, కంట్ల ఉంటే ఎట్ల?" అని తనే చిన్నగా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. జాలి కూడా రాలేదు, ఉన్నమాట చెప్పాలి. భయం వేసింది. ఇరవై ఐదో రోజు, ఇన్‌స్పెక్టర్, ప్లాంట్ హెడ్, నలభై ఒక్క మంది, ఇవే కళ్లముందు ఆడాయి. ఒక్క నాలుగు రోజులు ఆగితే కన్నెక్కడికి పోతుంది, డాక్టర్లు ఇంకో తేదీ ఇస్తారు, సాయంత్రం చూద్దాం అన్నాను. కాగితం సొరుగులో పెట్టి తాళం వేశాను. సంతకం లేనిదే అతను కదల్లేడు. కదిలితే విధుల నుంచి తప్పుకున్నట్టు రాయాల్సి వస్తుంది. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. టోపీ పెట్టుకుని బాయిలర్‌లోకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లి విజయ ముందు కుతకుతలాడిపోయాను. "నేనెప్పుడన్నానే మూడు వారాలని? శాశ్వతంగా తీసుకున్నవాణ్ణి మూడు వారాలకే అని ఎందుకంటాను? స్పష్టంగా చెప్పాను, నిన్ను మూడు వారాలకి తీసుకున్నాను అని!"

అన్నం ముద్ద కలుపుతూ ఆగిపోయాను. విజయ గరిటె పట్టుకుని అలాగే చూస్తోంది.

"మళ్లీ ఒకసారి అనండి," అంది.

మళ్లీ అనలేదు. అవసరం లేకపోయింది.

"ఆయన తెలుగువాడండీ," అంది విజయ. "వారమంటే ఏడు రోజులనే అనుకుంటాడు. మీ గుజరాతీ ఆయనకెందుకు?"

పోశన్నకు గుజరాతీ నాకంటే ఇరవై రెట్లు వచ్చు. కానీ తెలుగు వాక్యంలో తెలుగు మాట వినబడితే ఎవరైనా తెలుగుగానే వింటారు. తప్పు నూటికి నూరుపాళ్లూ నాదే. ఇక్కడ ఆగి, వెంటనే పరుగెత్తుకెళ్లి సంతకం పెట్టేశానని రాస్తే బాగుంటుంది. పెట్టలేదు. తప్పు నాదని తెలిశాక కూడా సొరుగు తాళం తియ్యలేదు. సాయంత్రానికి ఇంకో రెండు అతుకులు పూర్తవుతాయి, ఏడే మిగులుతాయి అని మనసు లెక్కలు కడుతూనే ఉంది. సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు పోశన్న క్యాబిన్ గుమ్మం దగ్గర కొంచెంసేపు నిలబడ్డాడు. నేను ఫోన్లో ఉన్నట్టు నటించాను.

ఇరవై రెండో రోజు పొద్దున ఫిల్ము గదిలో ఫిల్ము చదివే అతను మామూలుగా ఓకే అనకుండా నన్ను దగ్గరికి రమ్మన్నాడు. వెలుతురు పెట్టె మీద ఇరవై ఐదో అతుకు. కింద ఎడమవైపు, సన్నగా, వెంట్రుకంత నల్లగీత. అతుకు లోపల లోహం కలవలేదన్నమాట. నంబరు చూశాను. పదిహేడు.

నిన్న నేను సొరుగుకు తాళం వేశాక వేసిన రెండో అతుకు అది.

పోశన్న వచ్చి తనే ఫిల్ము చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా, నిన్న పొద్దుగూకే యాళకు మంట చుట్టూ రంగురంగుల చుట్టలు కనబడ్డాయని, అద్దంలో ఆ మూల సరిగా ఆనలేదని చెప్పాడు. "నా జాయింట్ నేనే కోస్త సార్. జర రెండు గంటలియ్యండ్రి. మళ్ల ఏసి పోత. నా నంబర్ మీద ఆర్ ఉండొద్దు."

అప్పుడు పదిన్నర. ఆసుపత్రిలో మధ్యాహ్నంలోగా చేరాలి. అతను సెలవు అడగడం లేదు, పని అడుగుతున్నాడు. పదిహేడు ఎదురుగా ఎప్పుడూ లేని అక్షరం నా వల్ల పడింది. వద్దన్నాను. ఒప్పుకోలేదు. నువ్విప్పుడు బాయిలర్‌లోకి దిగితే నిన్ను సస్పెండ్ చేస్తానని అరిచాను. అతను కూడా అరిచాడు, మొదటిసారి: "నిన్న పోతనంటె పొమ్మనకపోతిరి. ఇయ్యాల దిగుతనంటె దిగొద్దంటరు. ఏంది సార్ ఇది?" నేను క్యాబిన్‌కు వెళ్లి, తాళం తీసి, సంతకం పెట్టి, కాగితం తెచ్చి అతని చేతిలో పెట్టాను. నా కారులోనే ఆసుపత్రికి పంపించాను. వెళ్తూ వెళ్తూ ఆ స్టీలు పలక నా బల్లమీద పెట్టి పోయాడు.

తర్వాత రమణ్‌భాయ్ దగ్గరికెళ్లాను. ఏడు కొత్త అతుకులు, ఒక రిపేరు. ఆయన రెండో వెల్డర్ కావాలి. ఇంకో రెండు వంతులైనా ఇస్తానన్నాను. మూడు వారాల గొడవంతా చెబితే మొదట కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వాడు. తర్వాత కంటి సంగతి విని నవ్వు ఆపేశాడు. పోశన్నకు కన్ను బాలేదని తనకూ తెలియదన్నాడు, పద్నాలుగేళ్లు తన దగ్గర పనిచేసినా. "వారో వద్దు. మనిషిని తీసుకెళ్లు," అని హిందీలో చెప్పి ఆ గంటలోనే పంపించాడు.

ఆ రెండో వెల్డర్ నిదానస్తుడని ముందే చెప్పాను. హైడ్రో టెస్ట్ తేదీ తప్పింది. ఇన్‌స్పెక్టర్‌ను బతిమాలుకుంటే నాలుగు రోజుల తర్వాత వచ్చారు. బాయిలర్ నాలుగు రోజులు ఆలస్యంగా వెలిగింది.

అంతకుముందే నేను జాయింట్ రిజిస్టర్ తెరిచి ఒక పని చేశాను. ఇరవై ఐదో అతుకు, వెల్డర్ పదిహేడు, ఫలితం ఆర్. ఆ ఆర్‌ను నేను చెరపలేను, చెరపకూడదు కూడా. కానీ ఆ వరస చివర వ్యాఖ్యలు రాసే గడి ఒకటుంటుంది. ఎప్పుడూ ఖాళీగానే వదిలేసే గడి. అందులో రాశాను: 'ఈ అతుకు వేయకముందే వెల్డర్ కంటి చికిత్స కోసం సెలవు అడిగాడు. కాగితం సంతకం కాకుండా నా దగ్గర ఉంది.' కింద నా పేరు, హోదా, తేదీ.

ప్లాంట్ హెడ్ విచారణకు రిజిస్టర్ తెప్పించుకున్నాడు. ఆ గడి చదివాడు. ఆలస్యానికి కారణం విభాగం కాదు, విభాగాధిపతి అని తేలిపోయింది. నలభై ఒక్క మందినీ ఎక్కడివాళ్లను అక్కడే ఉంచి, నన్ను మాత్రం ప్లానింగ్ ఆఫీసుకు మార్చాడు. మిగిలిన రెండేళ్ల పైచిలుకు ఒక కంప్యూటరు, ఒక అల్మారాతో గడిపాను. విభాగాన్ని కాపాడదామని ఆ వాక్యం రాయలేదు. ఒళ్లుమండి రాశాను, నా మీద నాకే. అది విభాగానికి పనికొచ్చింది, అంతే.

పోశన్నకు ఆపరేషన్ అనుకున్న తేదీకే జరిగింది. మిగిలిన చూపు నిలిచింది. పోయింది రాలేదు. అది ఆ ఒక్క రోజువల్ల పోయిందా, అంతకుముందే పోయిందా అని డాక్టర్ని నేనే వెళ్లి అడిగాను. చెప్పలేనన్నాడు. అధిక పీడనం సర్టిఫికెట్‌కు కంటి పరీక్ష తప్పనిసరి. అందులో పోశన్న నెగ్గలేదు. మా పాత విభాగంలోనే అతుకు వెయ్యబోయే ముందు గొట్టాలు సరిగా కుదిరాయో లేదో చూసే పని ఇచ్చారు.

పనిలోకి తిరిగొచ్చిన రోజు ప్లానింగ్ ఆఫీసుకు వచ్చి, తన నంబరు ఎదురుగా ఉన్న అక్షరం గురించి అడిగాడు. రిజిస్టర్ తెప్పించి ఆ గడిలో ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చదివి వినిపించాను. ఈసారి గుజరాతీ కలపలేదు. కింద నా పేరు మీద వేలు పెట్టి, ఇది మీ పేరేనా అన్నాడు. అవునన్నాను.

"గట్లయితె జర నయమే," అని టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. స్టీలు పలక తిరిగిస్తే తీసుకోలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఈ కథ విన్న ఇంజనీర్లు, ముఖ్యంగా కుర్రవాళ్లు, ఒక్కటే అడుగుతారు. మూడు వంతులిచ్చి ఒక్కణ్ణి తెచ్చుకోవడం లాభమా నష్టమా? వాళ్ల కోసం లెక్క చెబుతాను. నా మూడు వంతులతో రమణ్‌భాయ్ తీసుకున్న ముగ్గురిలో ఒకడు ఏడాది తిరక్కుండానే గల్ఫ్ వెళ్లిపోయాడు. ఇంకొకడు వెల్డింగ్ వదిలి స్టోర్స్‌లో కుదురుకున్నాడు. మూడో ఏడు గోడ మీద మొదటి పేరు కింజల్ అనే అమ్మాయిది. నేను రిటైరయ్యేనాటికే ఆ పిల్ల చేతి పని చూసి పాతవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. ఆ అమ్మాయి మా విభాగానికి రావాల్సింది. ఇక పోశన్న వేసిన ఇరవై నాలుగు మంచి అతుకులు నేనున్నన్నాళ్లూ చుక్క నీరు కార్చలేదు. రెండోవాడు వేసిన వాటిలో ఒకటి నాలుగు నెలలకే కారింది. అది రమణ్‌భాయ్ మనిషి అతుకు కాబట్టి మా విభాగం మెడకు చుట్టుకోలేదు. లాభనష్టాలు మీరే తేల్చుకోండి. నేను ఎన్నిసార్లు కూడినా ఒకే జవాబు రాలేదు.

నేను నేర్చుకున్నది ఆ లెక్కలో లేదు. బేరంలో రమణ్‌భాయ్‌ని అడిగాను, హెచ్ఆర్‌ను అడిగాను, పాత రిజిస్టర్లను అడిగాను. పోశన్నను అడగలేదు. అతని ధర అతనికి చెప్పాను, అంతే. నీకు వీలవుతుందా అని ఒక్కమాట అడిగి ఉంటే ఆ వర్క్‌షాప్‌లోనే కన్ను సంగతి బయటపడేది. ప్లానింగ్ ఆఫీసులో ఉండగా నేను సాధించింది ఒక్కటే. అంతర్గత బదిలీ ఫారంలో ఇప్పుడు మూడో సంతకం ఉంది, వెళ్లే మనిషిది. దాని పైన రెండు గీతలు ఖాళీగా ఉంటాయి. తను దేనికి ఒప్పుకుంటున్నాడో అతను తన భాషలో, తన చేత్తో రాయాలి.

పోశన్నను శాశ్వతంగా తీసుకున్నాననుకున్నాను. వెల్డర్‌గా అతను నాకు పనిచేసింది మాత్రం, నా నోటితో నేను చెప్పినట్టే, సరిగ్గా మూడు వారాలు.